ఒక మెట్టు తక్కువ

"ఏమే, దొరికినారా ఎవురన్నా, మనకంటే ఒక మెట్టు తక్కువోళ్ళు?"

ఉచ్చీరప్ప వాకిట్లో నుంచి అరిచాడు. చెవులు వినబడని మనిషి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.  ఈరమ్మ పలికినా అంత దూరం చేరదు.

పెరట్లో పొయ్యి మీద నల్లరంగు నీళ్ళు కాగుతున్నాయి. గుప్పెడు ఉప్పు వేసి, ఐదు చొక్కాలు ఒక్కొక్కటే ముంచి కట్టెతో తిప్పుతోంది. పేరుకు అవి నల్లచొక్కాలు. ఎండకూ చెమటకూ బూడిదరంగుకు తిరిగాయి. బ్యాండు ఆటలు మొదలయ్యే ముందు ప్రతి ఏడూ వాటికి మళ్ళీ నలుపు ఎక్కించడం ఆమె పని. వారం పది రోజులు గోళ్ళు నల్లగా ఉంటాయి. ఆ చేతులతోనే రొట్టె తడుతుంది. "రొట్టెకు రంగు అంటుతాదేమో సూసుకో" అంటాడు ఉచ్చీరప్ప. ముప్పై ఏళ్ళలో ఆ చేతుల గురించి అతను అన్న మాట అదొక్కటే.

ఆ చొక్కాలు కొండరాయి రాక్ బ్యాండువి. ఆదోని కొండల కింద పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. రాక్ అంటే రాయి కదా అని జనం రాళ్ళ బ్యాండు అన్నారు. మొదటి ఏడు కౌతాళంలో ఒక ముసలాయన ఆట అయ్యేదాకా కదలకుండా కూర్చుని, "గిటారు బాగనే వాయిస్తిరి గానీ, రాళ్ళు ఎప్పుడు వాయిస్తారప్పా?" అని అడిగాడు. ఇప్పుడు ఆ బ్యాండుకు ముప్పై ఐదో ఏడు. పాడేదీ గిటారు పట్టేదీ ఉచ్చీరప్ప. డ్రమ్ములు బసవరాజు. మిగతావాళ్ళు వస్తారు, పోతారు. పోస్టరు మీద మాత్రం ఒకటే పేరు, రాక్ ఉచ్చీరప్ప.

ఈ ఏటిది ఆఖరి తిరుగుడు, ఇంక ఊళ్ళు తిరిగి ఆడరు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటి పిల్లవాడు శశికాంత్, చిన్నప్పుడు ఈ బ్యాండు వింటూ పెరిగినవాడు, ఐదు ఊళ్ళలో ఆటలు పెట్టించాడు. ఎమ్మిగనూరులో మొదలు, ఆదోనిలో ముగింపు. ప్రతి ఊళ్ళోనూ బ్యాండు ఎక్కే ముందు అరగంట ఎవరో ఒకరు పాడాలి. జనం వచ్చి కుదురుకునేదాకా. దాన్ని వీళ్ళు ముందుపాట అంటారు. ముందుపాటకు ఇష్టమున్నవాళ్ళు పాడి పంపండి అని శశికాంత్ ఫోనులో వేశాడు. నలభై మూడు మంది పంపారు. ఉచ్చీరప్ప ఎంచుకుంటాడని వాటినన్నిటినీ ఉచ్చీరప్ప ఫోనుకు తోశాడు. ఆ ఫోను ఈరమ్మ దగ్గర ఉంటుంది.

ముప్పై ఏళ్ళు పెద్ద స్పీకరు డబ్బాల పక్కన నిలబడితే చెవులు ఏమవుతాయి? ఆరేళ్ళ నుంచి ఉచ్చీరప్పకు ఎదుట మనిషి మాట కూడా సరిగా అందదు. ఆ సంగతి ఈరమ్మకు, బసవరాజుకు తప్ప బయట ఎవరికీ తెలియదు. కర్నూలు తీసుకుపోయి చెవి మిషను ఇప్పించింది ఈరమ్మ. అతను ఒక్కరోజు పెట్టుకుని తీసేశాడు. "రాక్ ఉచ్చీరప్ప చెవిలో మిషను పెట్టుకుంటే జనం నవ్వరా?" అన్నాడు. మిషను డబ్బా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది.

మెట్టు అంటే గిటారు మెడ మీద అడ్డంగా ఉండే సన్న కడ్డీ. వేలు ఒక మెట్టు జరిపితే శ్రుతి ఒక మెట్టు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. పదేళ్ళుగా ఉచ్చీరప్ప గొంతు పైకి పోవడం మానేసింది. గీరుకుపోయిన ప్రతిసారీ ఈరమ్మే చెప్పింది, ఈ పాట ఒక మెట్టు దించుకో అని. అట్లా మూడు మెట్లు దిగారు. జనానికి తెలియలేదు. ముందు పాడినవాళ్ళు పైన ఉంటే తెలిసిపోతుంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాడు. ముందుపాట వాళ్ళు మనకంటే ఒక మెట్టు తక్కువ ఉండల్ల. మరీ తక్కువైతే జనం లేచిపోతారు. ఒక్క మెట్టే.

ఆ ఒక్క మెట్టును కొలిచేది ఈరమ్మ చెవి.

ఆమెది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. మగ్గం గుంతలో కూర్చుని నేసేది నాయన. పోగుకు గంజి పెట్టేది, రంగు వేసేది, కండెలు చుట్టేది అమ్మ. చీర ఎవరు నేశారంటే నాయన పేరే చెప్పేవాళ్ళు. అమ్మ కూడా అదే చెప్పేది. ఎనిమిదేళ్ళ ఈరమ్మ వీధిలో ఆడుకుంటూ, లోపల మగ్గం చప్పుడు కొంచెం మారితే చాలు, "నాయనా, పోగు తెగింది" అని కేక వేసేది. చూస్తే నిజంగానే తెగి ఉండేది. ఆ చెవితో ఈ ఇంటికి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ముందుపాట ఆమే పాడింది, వేరే ఎవరూ దొరకక. "కోడలు మైకు ముందర నోరు తెరిస్తే ఇంగ ఇంట్లో మూస్తాదా?" అంది అత్త. "జనం కుచ్చునేదాకా నాలుగు ముక్కలు పాడతాదిలే మా, ఎవురింటారు" అని ఉచ్చీరప్పే సర్దిచెప్పాడు. మద్దికెరలో జనం విన్నారు. ఇంకోటి, ఇంకోటి అని వదల్లేదు. గిటారు మెడలో వేసుకుని తెర పక్కన ఉచ్చీరప్ప పది నిమిషాలు నిలబడ్డాడు. తిరిగి వస్తూ వ్యానులో ఒక్క మాట అన్నాడు. "గొంతు ఊరికే పాడు సేసుకోవద్దులే. ఇంగ మైకు సరిసూసేది సూసుకో, సాలు." కొట్టలేదు, తిట్టలేదు. కొడితే గుర్తు పెట్టుకోవడానికి ఒక దెబ్బ ఉండేది. ఆ రోజు నుంచి జనం రాకముందు మైకు దగ్గర నిలబడి హలో, ఒకటి, రెండు అని, ఒక రాగం తీసి, ఇది ఎక్కువైంది, అది తగ్గించు అని చెప్పి దిగిపోవడం ఆమె పని.

చొక్కాలు పిండుతోంది. మోచేతుల దాకా నలుపు. ఫోను బట్టలుతికే బండ మీద ఉంది. ఒకరి పాట అయిపోగానే దానంతట అదే ఇంకొకరిది మొదలవుతోంది. ఒకడు మేకలాగా అరిచాడు. ఇంకొకడు కన్నడంలో పాడి, మధ్యలో దగ్గి, మళ్ళీ మొదట్నుంచి పాడాడు. ఆదోని పిల్లవాడు కిరణ్ అంట, బాగానే పాడాడు. ఒక చోట మాత్రం సరిగ్గా అందుకోలేకపోయాడు. సరిగ్గా ఒక మెట్టు. ఇంక పని అయిపోయింది అనుకుంది.

అప్పుడు ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"నమస్తే. నా పేరు అశ్విని. మాది పెద్దకడుబూరు. ఇది సారోళ్ళకు కాదు. ఆ బ్యాండులో ఒక అక్క ఉంటాదంట, ఆమెకు వినిపీయండి. మా అమ్మ పేరు సుంకులమ్మ. మా అమ్మ వయసులో ఉన్నప్పుడు మీ కాడికి పాడను వచ్చిందంట. నీ గొంతు స్టేజీకి రాదమ్మా అని ఆ అక్క సెప్పిందంట. ఆ అక్క చెవి తప్పు పోదు, ఆమె బాగలేదంటే బాగలేనట్టే అంటాది మా అమ్మ. అప్పట్నుంచి పాడలేదు. పత్తి ఏరేకాడ గూడ పాడదు. ఈ పాట మా అమ్మదే. మాటలు సెప్పినాది గానీ రాగం సెప్పలేదు, అది సెప్పల్లంటే పాడల్ల కదా. రాగం నేనే కట్టుకున్నా. నాది పనికొస్తాదా లేదా ఆ అక్కనే సెప్పమనండి."

ఈరమ్మ ఆపాలనుకుంది. చేతుల నిండా రంగు. పిల్ల పాడింది.

"పత్తి పగిలినాది తెల్లంగ, నా చెయ్యి పగిలినాది ఎర్రంగ,
ఏరింది ఎవురంటే నేనంటి, పంట ఎవురిదంటే నోరు మూస్తి."

చొక్కా చేతిలో నుంచి జారి మట్టిలో పడింది. అది మళ్ళీ ఉతకాలి, మళ్ళీ ముంచాలి. ఆమె కదల్లేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట. ఎమ్మిగనూరులో ముందుపాటకు మనుషులను చూస్తున్నారు. పత్తి ఏరే కూలి పిల్ల ఒకతె వచ్చింది. కొత్త పెళ్ళికూతురు. చెప్పులు బయట విడిచి, మైకు ముందు చేతులు కట్టుకుని ఇదే పాట పాడింది. అప్పుడు ఉచ్చీరప్పకు చెవులు బాగా ఉన్నాయి. విన్నాడు. విని, ఈరమ్మను పక్కకు పిలిచాడు. "వద్దని సెప్పు. నువ్వే సెప్పు. ఆడమనిసికి ఆడమనిసి సెప్తే నొప్పుండదు." ఈరమ్మ పోయి చెప్పింది. భర్త చెప్పమన్నాడు, చెప్పాను అని ఇన్నేళ్ళు అనుకుంది. అది సగమే.  మద్దికెర తర్వాత మూసుకున్న నోరు తనది. ఆ పిల్ల పాడుతున్నంతసేపూ నాకు లేనిది దీనికెందుకు అనుకుంది. అనుకున్నది కాబట్టే ఆ మాట అంత సులువుగా వచ్చింది. ఇంకా మెత్తగా చెప్పి ఉండవచ్చు. మళ్ళీ రామ్మా అనవచ్చు. నీ గొంతు స్టేజీకి రాదు అంది. పిల్ల తల ఊపింది. సరే అక్కా అని చెప్పులు వేసుకుని పోయింది. అబద్ధం చెప్పేవాళ్ళను ఎవరూ నమ్మకపోతే ఎంత బాగుండును. ఆ పిల్ల నమ్మింది. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. ఆ రాగం ఈరమ్మ చెవిలో ఉండిపోయింది. మైకు సరిచూసేటప్పుడు హలో, ఒకటి, రెండు అన్న తర్వాత ఆమె తీసే రాగం అదే. మాటలు లేకుండా. పంతొమ్మిదేళ్ళుగా, ఊరూరా.

సాయంత్రం శశికాంత్ ఫోను చేశాడు. "అక్కా, ఆ పెద్దకడుబూరు అమ్మాయిది విన్నారా? నాకైతే రోమాలు లేచినాయి. ఆదివారం మా పత్తిమిల్లు గోడౌనుకు రమ్మన్నా, కిరణ్‌ను గూడ రమ్మన్నా. ఇద్దర్లో ఎవురని అన్న తేలుస్తాడు."

ఈరమ్మ ఆ మాట ఉచ్చీరప్ప చెవి దగ్గర అరిచి చెప్పింది. అతను ఆమె ముఖం చూశాడు. వినబడనివాడికి ముఖం చదవడం వస్తుంది.

"ఆ పిల్ల పైనుండాదా?"

ఆమె తల ఊపింది.

"ఎన్ని మెట్లు?"

"లెక్క లేదు."

ఉచ్చీరప్ప వాకిలి తలుపు దగ్గరికి వేశాడు. "వీపు మీద రెండు తట్టు తట్టు. నేను కాదంటా. బయటికి పిల్చి నువ్వు సెప్పు. ఆడమనిసికి ఆడమనిసి సెప్తే నొప్పుండదు." తర్వాత గొంతు తగ్గించాలని చూశాడు. తగ్గలేదు. "ఇది ఆఖరిది ఈరీ. ఎమ్మిగనూరులో, మీ వాళ్ళందరి ముందర, నన్ను పలచన సెయ్యొద్దు."

అవసరం ఉన్నప్పుడే ఈరీ అంటాడు. అయినా ఆ పిలుపుకు ఇంకా లోపల ఏదో కదులుతుంది. అదే ఆమెకు విసుగు. మూడు రోజులు రొట్టెలు తడుతూ, చొక్కాలకు గుండీలు కుడుతూ ఆమె రెండు వైపులా తూగింది. చెడ్డవాడైతే వదిలేయడం తేలిక. ఉచ్చీరప్ప చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే మాత్ర తెచ్చి ఇస్తాడు. పోస్టరు మీద ముప్పై ఐదేళ్ళు నిలబడ్డ మనిషి, ఆఖరి రోజున ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల ముందు చిన్నబోతే తట్టుకోలేడు. అది ఆమెకు తెలుసు. ఆమె తట్టుకోవడం, సుంకులమ్మ తట్టుకోవడం మాత్రం ఎవరికీ లెక్కకు రాలేదు. తనకు కూడా రాలేదు.

ఆదివారం పొద్దున పది గంటలకు మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు గోడౌనులో చేరారు. దూలాల మీద ఇంకా పాత దూది వేలాడుతోంది. బయలుదేరే ముందు ఈరమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. ఎందుకు తెరిచిందో అప్పుడు ఆమెకూ సరిగా తెలియదు. చెవి మిషను తీసి కొంగున ముడి వేసుకుంది.

ఉచ్చీరప్ప నల్లద్దాలు పెట్టుకుని ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. వెనక ఈరమ్మ నిలబడి, అతని వీపు మీద చెయ్యి పెట్టింది. చూసేవాళ్ళకు భార్య ఆప్యాయంగా నిలబడినట్టు ఉంటుంది. ఒక తట్టు తడితే సరే. రెండు తడితే వద్దు. ఆరేళ్ళుగా ఇంతే.

"ఏం వదినా, గోళ్ళకు మల్ల నల్లరంగు ఏస్తివే? ఈ వయసులో ఫ్యాషనా?" అన్నాడు బసవరాజు డ్రమ్ములు సర్దుతూ.

"నీ సొక్కాదే అప్పా ఆ రంగు. ఉతుక్కునేటోడివైతే నీకే ఉండు."

శశికాంత్ నవ్వాడు. బసవరాజు కూడా నవ్వాడు గానీ తల దించుకున్నాడు.

కిరణ్ పాడాడు. ఈరమ్మ ఒక తట్టు తట్టింది. "బాగ పాడినావప్పా!" అని ఉచ్చీరప్ప చప్పట్లు కొట్టాడు. పిల్లవాడు పొంగిపోయి కాళ్ళకు దండం పెట్టాడు.

అశ్విని లేచింది. కాలేజీ సంచి పక్కన పెట్టి, చెప్పులు విడిచింది. తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఒక మనిషి కూర్చుంది. ఈరమ్మ ఆ మనిషి వైపు చూడలేదు. చేతుల వైపు మాత్రం చూసింది. పత్తికాయల ముళ్ళకు పగిలిన వేళ్ళు.

పిల్ల పాడింది. ఆమె కట్టుకున్న రాగం వేరు. కొత్తగా ఉంది, గరుగ్గా ఉంది, ఎవరినో నిలదీస్తున్నట్టు ఉంది. బసవరాజు చేతిలో కట్టెలు కిందికి దిగిపోయాయి. శశికాంత్ ఫోను చూడడం మానేశాడు. ఉచ్చీరప్పకు నోళ్ళు కనబడుతున్నాయి, ముఖాలు కనబడుతున్నాయి. పాట కనబడలేదు. బసవరాజు ముఖం చూసి అతనికి అర్థమైంది. వీపును ఆమె చేతికి గట్టిగా ఆనించాడు. రెండు తట్ల కోసం.

పాట అయిపోయింది. అశ్విని అద్దాల మనిషిని చూడడం లేదు. వెనక నిలబడిన ఈరమ్మనే చూస్తోంది. తలుపు దగ్గర మనిషి కూడా. ఏమి చెబితే అది నమ్మడానికి ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. అది చూశాక ఈరమ్మకు ఇంక నిలబడడం చేతకాలేదు.

చెయ్యి తీసేసింది.

నడుచుకుంటూ పోయి మైకు ముందు నిలబడింది. "హలో. ఒకటి, రెండు" అని నోట్లోంచి వచ్చేసింది. అలవాటు. ఎవరూ నవ్వలేదు.

"సుంకులమ్మా," అంది. "ఆ పొద్దు నేను సెప్పింది అబద్ధం. నీ గొంతు స్టేజీకి రాదనింది అబద్ధం. మాకంటే పైనుండె, అందుకని వద్దంటిమి. సెప్పమన్నది ఈయన. కానీ నాకు గూడ నువ్వు రాకూడదనే ఉండె. అది నాదే."

మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"నీ రాగం నా తాన ఉండాది. పంతొమ్మిదేండ్లు దాంతోనే మైకు సరిసూసినా. నీ సొమ్ము. తీసుకో."

పాడింది. ఆమె గొంతు కూడా తుప్పు పట్టింది. మొదటి వరస పాడింది. రెండో వరస సగంలో ఉండగా తలుపు దగ్గర నుంచి మాట వచ్చింది.

"అట్ల కాదు."

ఈరమ్మ ఆగింది.

"నోరు మూస్తి అనేకాడ పైకి పోగూడదు. దిగల్ల." సుంకులమ్మ లేవలేదు. గోడకు ఆనుకునే, నేల వైపు చూస్తూ, ఆ ఒక్క ముక్క పాడి చూపించింది. గొంతు చీలింది. అయినా దిగాల్సిన చోట సరిగ్గా దిగింది. పోగు ఎక్కడా తెగలేదు.

అశ్విని తల్లి వైపు తిరిగి అట్లాగే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఆ గొంతు పాడడం ఆమె వినలేదు.

"నా పిల్లకు జోల గూడ పాడకపోతి కదక్కా," అంది సుంకులమ్మ. అరవలేదు, ఏడవలేదు. అడిగింది, అంతే.

 ఆడమనిషికి ఆడమనిషి చెబితే నొప్పి ఉండదన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు.

ఉచ్చీరప్ప కుర్చీలో అటూ ఇటూ చూస్తున్నాడు. వీపు మీద చెయ్యి లేదు. అద్దాలు తీశాడు. అద్దాలు లేని ముఖం పోస్టరు మీది ముఖంలా లేదు. ముసలితనం వచ్చినట్టు అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

"ఏమే! ఏమంటాండారు?"

ఈరమ్మ దగ్గరికి పోయింది. కొంగు ముడి విప్పి మిషను తీసి అతని అరచేతిలో పెట్టింది. నల్లగోళ్ళ వేళ్ళతోనే అతని వేళ్ళు మూసింది. బసవరాజు, శశికాంత్, కిరణ్, అందరూ చూస్తున్నారు. ఉచ్చీరప్ప మూసిన పిడికిలి విప్పలేదు, విసిరేయనూ లేదు.

"నా చెయ్యి ఇంగ తట్టదు," అంది అతని చెవిలో, అందరికీ వినబడేటట్టు. "ఇది పెట్టుకోని నువ్వే విను. ఎమ్మిగనూరులో ముందుపాట అశ్వినిది. నీ చేతనైన మెట్టు మీద నువ్వు పాడు."

అతను చాలాసేపు ఆమె నోటి వైపు చూశాడు. తెలిసిన మనిషినే తెలియనట్టు చూశాడు. తర్వాత, ఇంకేం అడగాలో తోచక, రోజూ అడిగేదే అడిగాడు.

"అయితే మనకంటే తక్కువోళ్ళు దొరకలేదా?"

"ఎతికేది ఇడ్సిపెట్టినా," అంది ఈరమ్మ.